దుప్పటికి సొంత వేడి ఉండదు

పాములాయన పోయాడని తెలియగానే ప్రతివాళ్ళూ అడిగిన మాట ఒక్కటే: "ఏ పాము కరిసింది?" మా దుకాణం ముందు నిలబడి అడిగారు, కూరగాయల బండి దగ్గర అడిగారు, ఆఖరికి మా పాలామె క్యాను కింద పెట్టి మరీ అడిగింది. ఏ పామూ కరవలేదు తల్లీ. ఎండ కొట్టింది. మే నెలలో చెరువు పూడిక పనికి పోయి, పదకొండు గంటలకల్లా కళ్ళు తిరిగి తట్ట పక్కనే కూలబడ్డాడట. తోటి కూలీలు నీడకు మోసుకొచ్చి నీళ్ళు చల్లారు, ఆటోలో దవాఖానకు చేర్చారు. అప్పటికే ఒళ్ళు పెనంలా కాలిపోతోందట. సాయంత్రానికి ప్రాణం పోయింది.

నాకు ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది. పాము పెట్టెకు ఎంత ఎండ కావాలో ఎంత నీడ కావాలో డిగ్రీలతో సహా చెప్పే మనిషికి, నెత్తిన తడి తువ్వాలు వేసుకోవాలని తెలియలేదా అని ఆ రోజంతా ఇంట్లో గిన్నెల మీద చూపించాను. మా ఆయన నా సంగతి ఎరిగినవాడు కాబట్టి దుకాణంలోనే ఉండిపోయాడు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నా మనవరాలు ఇవాళ బోర్లా పడి, తల ఎత్తి నన్ను చూసి నవ్వుతోందంటే అది ఆయన చలవ. ఆ పిల్లను ఒక్కసారి చూస్తానని ఆయన నన్ను అడిగాడు. ఒకసారి కాదు, పిల్ల పుట్టాక నాలుగు నెలల్లో ఎన్నిసార్లో. నేను చూపించలేదు. ఇది ముందు రాసేస్తే మిగతాది రాయడం సులువవుతుందనుకున్నాను, కానీ చెయ్యి ఇక్కడే ఆగిపోతోంది.

మాది గద్వాలలో బస్టాండుకు దగ్గరి సందులో ఎలక్ట్రికల్ దుకాణం. వెనక గదిలో మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ముందు కౌంటరు నాది, నోరు కూడా నాదే. పైన ఇల్లు. నాలుగేళ్ళ కిందట ఒక చలికాలం ఉదయం, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట థర్మామీటరు పెట్టుకుని వచ్చి అడిగాడు.

"అక్కా, వేడి ఇయ్యాలె, వెలుగు ఇయ్యొద్దు. గసొంటి బల్బు ఉన్నదా?"

పొద్దున్నే ఎవడో తాగి వచ్చాడనుకున్నాను.

"వెలుగు ఇయ్యని బల్బు ఏం చేసుకుంటవయ్యా? ఇంట్ల చీకటి తక్కువైందా?"

"నాకు కాదక్కా, పాముకు."

భుజాన ఉన్న సంచి వైపు చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన సంచి తెరిచి చూపించాడు. "టమాటలక్కా. పాము ఇంటికాడున్నది."

ఇప్పుడు దుకాణాల నిండా ఎల్ఈడీలే కదా. ఇల్లంతా వెలిగిస్తాయి, చేత్తో పట్టుకుంటే చల్లగా ఉంటాయి. ఆయనకు కావాల్సింది లోపల తీగ ఎర్రగా కాలే పాతకాలం బల్బు. మా పై అరలో నలభై వాట్లవి ఒక పెట్టెడు మూలుగుతుండేవి, ఎవరూ కొనరని మా ఆయన పారేయమనేవాడు. అవి దించి చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒక బల్బు వెలిగించమని, చేతి వెనక వైపు దాని దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకున్నాడు.

"మరి వెలుగు ఇయ్యొద్దంటివి?"

"ముంతకు బొక్కలు చేసి దీని మీద బోర్లిస్త. ముంత కాగుతది, వెలుగు లోపల్నే ఉంటది. దినమంత రాత్రంత కళ్ళల్ల వెలుగు కొడితే నువ్వు పండుకుంటవా అక్కా? అది గూడ పండుకోదు."

ఒక పాత డబ్బా రెగ్యులేటరు కూడా తీసుకున్నాడు, బల్బు వేడి తగ్గించడానికీ పెంచడానికీ. ఫ్యాను రెగ్యులేటరుకు అలాంటి పని ఉందని నేను ఆ రోజే విన్నాను.

ఆయనది వడ్డేపల్లి దిక్కు ఊరు. కూలీ కుటుంబం, చర్చికి వెళ్ళేవాళ్ళు. వయసులో ఉండగా భార్యాభర్తలిద్దరూ పూణే పోయి బిల్డింగు పనులు చేశారు. తర్వాత హైదరాబాదులో ఒక పెద్దసారు ఇంట్లో ఆయనకు పని దొరికింది. ఏం పనయ్యా అంటే, పాముల పని. ఆ సారు విదేశాల నుంచి తెప్పించిన కొండచిలువల్లాంటి పాములను గాజుపెట్టెల్లో పెంచేవాడట. కాగితాలన్నీ ఉన్నవేనట. బెదిరితే బంతిలా చుట్టుకుంటాయట.

"ఒక్కో పాముకు రెండు థర్మామీటర్లక్కా. వేడి ఎక్కువైతే దానంతట అదే బందయ్యే మిషను. కరెంటు పోతే ఇన్వర్టరు. ఇన్వర్టరు పోతే నన్ను పొట్టుపొట్టు తిట్టుడు."

"ఒక్క పాముకు రెండు థర్మామీటర్లెందుకయ్యా, తలకొకటి తోకకొకటా?"

ఆయన నవ్వలేదు. పాముల సంగతి మాట్లాడేటప్పుడు ఆయనకు ఎకసెక్కాలు ఎక్కేవి కావు. నా కౌంటరు మీది రశీదు పుస్తకాన్ని అడ్డంగా పెట్టి, దాన్ని పెట్టె అనుకోమన్నాడు.

"ఈ దిక్కు వేడి. ఈ దిక్కు సల్ల. ఒక్క థర్మామీటరు పెడితే అది ఉన్నకాడి సంగతే చెప్తది, తక్కింది అబద్ధం. పాముకు ఒంట్ల వేడి పుట్టదక్కా. కావాలనుకుంటే ఈ దిక్కు వస్తది, సాలనుకుంటే ఆ దిక్కు పోతది. ఎంత కావాలో దానికి తెలుసు. మనం రెండు దిక్కులూ పెట్టాలె, గంతే. పెట్టెంత ఒకటే వేడి చేసినవనుకో, దాన్ని ఉడకబెట్టినట్టే. పెట్టెంత సల్లగుంచితే కడుపుల తిన్నది అరగక కుళ్ళి సస్తది."

ఆ సారు ఇల్లు మారి పాములను ఎవరికో ఇచ్చేశాక ఈయన మన దిక్కు వచ్చేశాడు. ఎవరింట్లో పాము కనిపించినా ఫోను ఆయనకే. పట్టుకుని, బాగున్నదాన్ని ఆ రోజే మనిషి తిరగని చోట వదిలేవాడు. ట్రాక్టరు నాగలికి తెగినవీ, చేపల వలలో చిక్కి ఒరుసుకుపోయినవీ, చెత్తమంటల్లో కాలినవీ వస్తే మాత్రం ఫారెస్టు వాళ్ళకు ఫోను చేసి చెప్పి, తేరుకునేదాకా ఇంట్లో ఉంచుకునేవాడు. పుట్టలో పాలు పోసేవాళ్ళను చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. "పాలు కాదే అవ్వా, దానికి కావాల్సింది జరంత ఎండ" అని నాగులచవితి నాడు ఆడవాళ్ళ చేత తిట్లు తిన్నాడు.

ఒకసారి ఆయన ఇంట్లో వైరింగు కాలిపోతే మా ఆయనతో పాటు నేనూ వెళ్ళాను. చూడాలన్న ఉబలాటం, ఒప్పుకుంటాను. ఊరి చివర రెండు రేకుల గదులు. ఒక గది పైకప్పు మీద పత్తికట్టె మందంగా పరిచి, కిటికీకి తడి గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. ఆ గది పాములది. రెండో గది మీద ఒట్టి రేకులే, అది మొగుడూ పెళ్ళాలది. ఆయన భార్య మాకు మంచినీళ్ళు ఇస్తూ, "సూడక్కా, నన్ను గిట్ల సూసుకుంటే నేను గద్వాల రాణి లెక్క ఉందును" అంది. తక్కువ మాటల మనిషి. ఆ రోజు ఆమె నోట విన్నది ఆ ఒక్క మాటే.

లోపల ప్లాస్టిక్ డబ్బాలో ఒక జెర్రిపోతు ఉంది. దుక్కి దున్నే రోటవేటరు తగిలి వీపు చీరుకుపోయింది. ఒక కొసన బోర్లించిన ముంత, ఇంకో కొసన నీళ్ళ గిన్నె. అది నీళ్ళ దిక్కు నుంచి మెల్లగా జరిగి ముంతను ఆనుకుని చుట్టుకుంది. ఆయన నా చెవిలో చెప్తున్నట్టు, "సూసినవా, సల్లగైంది, కొలిమి కాడికి వచ్చింది" అన్నాడు. నాకు పామంటే వణుకు. అయినా ఆ గాయాల పురుగు వెచ్చదనం వెతుక్కుని పోవడం చూస్తే అయ్యో అనిపించింది. మా ఆయన దగ్గర ఆ మాట అనలేదు, అంటే ఏడాదంతా ఏడిపిస్తాడు.

మనిషికి ఒక చాదస్తం ఉంటే దాన్ని అన్నిటికీ పూస్తాడు. దుకాణానికి వస్తే చేతి వెనక వైపు అన్నిటికీ తాకించి చూసేవాడు: టీ గ్లాసుకు, మా ఆయన విప్పిపెట్టిన మోటారుకు, జ్వరమని చెప్తే చాలు ఎవరి నుదురుకైనా. వీధిలో కుక్కలకు పెట్టిన నీళ్ళ తొట్టి ఎండలో కనిపిస్తే ఈడ్చి నీడలో పెట్టేవాడు. బాగైన పాములను ఫారెస్టు వాళ్ళకు అప్పగించడానికి దిండు గలీబులో కట్టి, దాన్ని బుట్టలో పెట్టుకుని, వనపర్తి, నాగర్‌కర్నూలు మీదుగా బస్సులు మారి అమ్రాబాదు దాకా పోయేవాడు. ఎక్కేముందు ఎండ ఎటు వస్తుందో లెక్క చూసుకుని నీడ దిక్కు సీటు పట్టేవాడట. ఒకసారి కండక్టరు బుట్ట తీసి ఇంజను మీద పెట్టమంటే, "పెడత, ఉడికితే నువ్వే తినాలె" అన్నాడట. ఆ తర్వాత అమ్రాబాదు దాకా పక్క సీటు ఖాళీయే.

ఇక నా మనవరాలి సంగతి.

మా అమ్మాయిది వనపర్తి మెట్టినిల్లు. తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. నెలలు నిండకుండానే జనవరి చలిలో కాన్పయింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత పిల్ల. దవాఖానలో పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉంచి, తూకం చూసి, ఇంటికి పొమ్మన్నారు. పంపేముందు నర్సమ్మ మా అమ్మాయికి నేర్పింది: పిల్లకు బట్టల్లేకుండా, తల్లి రొమ్ముల మధ్య ఆనించి, పైనుంచి గుడ్డతో కట్టుకోవాలి, రోజంతా అట్లాగే ఉంచాలి. నేను తల ఊపి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక నా పద్ధతి నాది. పచ్చి బాలింత, రాత్రీపగలూ పిల్లను రొమ్ముకు కట్టుకుని కూర్చుంటే నడుము ఏం కావాలి? నేను కనలేదా, పెంచలేదా? పిల్లను తొట్టెలలో వేసి మూడు దుప్పట్లు చుట్టాను, పైది ఉన్నిది. తలుపులు బిగించి, తొట్టెల కింద కుంపటి పెట్టాను. మా అమ్మ నాకు చేసింది, నేను నా కూతురికి చేసింది. మా అమ్మాయి ఒకటి రెండుసార్లు నసిగింది. "పడుకో, నాకు చెప్పొస్తివి" అన్నాను.

మూడోరోజు పొద్దున పదిగంటలకు పాములాయన బల్బు కోసం వచ్చాడు. చలికాలం, ఆయనకు బల్బుల సీజను. నేను సంబరంగా చెప్పుకున్నాను.

"మా మనవరాలు బంగారమయ్యా. ఏడుపన్నదే లేదు. పొద్దుగాల్నుంచి పాలకు గూడ లేవలేదు, ఒకటే నిద్ర."

ఆయన బల్బు చూస్తున్నవాడు దాన్ని కౌంటరు మీద పెట్టేశాడు.

"ఏడుస్తలేదా?"

"లేదంటున్న కదా."

"పాదాలు పట్టి చూసినవా? ఎట్లున్నయ్?"

"పసిపిల్లల పాదాలు సల్లగనే ఉంటయ్. మూడు దుప్పట్లు కప్పిన, కింద కుంపటి పెట్టిన, ఇంకేంది?"

"దుప్పటికి సొంత వేడి ఉండదక్కా!" ఆ మనిషి గొంతు అంత పెద్దగా లేవడం నేను ఎప్పుడూ వినలేదు. వెనక గదిలోంచి మా ఆయన లేచి వచ్చాడు. "లోపల పొయ్యి ఉంటే దుప్పటి ఆ వేడిని పట్టి ఉంచుతది. లోపల పొయ్యి లేకుంటే సల్లదనాన్నే మూటగట్టి ఉంచుతది. నెలలు నిండని పిల్లకు లోపల పొయ్యి ఇంకా అంటుకోదు. వేడి బయటి నుంచి రావాలె, ఒంటికి ఒళ్ళు తగిలి రావాలె. పాముకు లెక్కనే."

"నోరు మూస్తవా లేదా? నా మనవరాలు నీకు పాము లెక్క కనబడుతుందా?"

"పామే అనుకో. ఇప్పుడు పామే అనుకో అక్కా! నడువ్, ఇంట్లకు నడువ్!"

కోపంతో ఊగిపోతూనే మెట్లెక్కాను. ఆయన మెట్ల కిందే ఆగిపోయాడు. రమ్మని నేను అనలేదు. సందులో నిలబడి పైకి చూస్తూ మా అమ్మాయికి వినిపించేలా అరిచాడు: "బిడ్డా, పాపకు అన్నీ విప్పు! నీ రొమ్ముకు ఆనించుకో! కుంపటి బయట పెట్టు, పొగకు దానికి ఊపిరాడదు! ఆటో పిలుస్తున్న!" సందులోని కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మా పరువు పోయిందనే అనుకున్నాను ఆ నిమిషంలో. అంత చలిలో, పసిదాని ప్రాణం మీదికి వస్తే, నేను అనుకున్నది అదీ.

మా అమ్మాయి నన్ను అడగలేదు. దుప్పట్లు విప్పి పారేసింది. అప్పుడు ముట్టుకున్నాను ఆ పాదాలను. మట్టి రంజనులోంచి అప్పుడే ముంచిన నీళ్ళంత చల్లగా ఉన్నాయి. పిల్ల కళ్ళు తెరవలేదు, పెదవి కదపలేదు. తల్లి దాన్ని జాకెట్టులోపలికి పొదువుకుని, పైన నా శాలువా చుట్టుకుని మెట్లు దిగింది. ఆటో డ్రైవరు పక్కన ఆయనే కూర్చున్నాడు, దారంతా వెనక్కి తిరిగి "ఆనించుకోనే ఉన్నవా బిడ్డా" అంటూ.

డాక్టరమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఇంకొక పూట ఆగి ఉంటే తీసుకురావాల్సిన పనే ఉండేది కాదని మాత్రం చెప్పింది. మధ్యాహ్నం రెండింటికి పిల్ల పిల్లికూనలా ఒక కూత పెట్టింది. నేను వరండాలో గోడకు జారగిలబడి ఏడ్చాను. ఆ ఒక్కసారి కోపం రాలేదు. బయటికి వచ్చి చూస్తే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏడ్సింది" అన్నాను. ముఖం రెండు చేతుల్తో తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఇంత చేసిన మనిషికి దండం పెట్టడం కూడా నాకు తోచలేదు.

ఆ తర్వాత వారానికోసారి వచ్చేవాడు. వేసవి ముదిరి బల్బుల పని అయిపోయాక కూడా వచ్చేవాడు. "పాప ఎంత తూగింది?" అని అడిగేవాడు. రెండు కిలోలంటే పండగ, రెండున్నరంటే పండగ. తర్వాత మెల్లగా, కౌంటరు మీద వేలితో గీతలు గీస్తూ, "ఒక్కసారి చూస్తనక్కా" అనేవాడు.

"మూడో నెల రానియ్యి. పాములు పట్టిన చేతులు."

"ముట్టుకోనక్కా. దూరంకెళ్ళే చూస్త."

మూడో నెల వచ్చింది. దిష్టి తగులుతుందన్నాను. ఇంట్లో చుట్టాలున్నారన్నాను. పాములు పట్టిన చేతులన్నది సాకు. ఇంత రాసి ఇది దాచడం ఎందుకు? వాళ్ళ వాడ మనుషులు మా ఇంటి మెట్లు ఎక్కడం నేను పెరిగిన పద్ధతి కాదు. పిల్ల ప్రాణం పోతున్నప్పుడు ఆయన మెట్ల కింద ఆగిపోయాడంటే, ఆ పద్ధతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. మా అమ్మాయి రెండుసార్లు, "అమ్మా, నేను కిందికి తీసుకపోయి చూపిస్త" అంది. నేను పడనివ్వలేదు.

ఏప్రిల్ చివర ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. చేతులు సబ్బుతో తోముకుని వచ్చాడు, రెండు గజాల దూరానికి వాసన వస్తోంది. ఏమీ అడగలేదు. ఊరికే నవ్వుతూ నిలబడ్డాడు.

"పాప పడుకుంది" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఏడుపు. చిన్నాచితకా ఏడుపు కాదు, సందంతా వినిపించేంత రాగం. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం అబద్ధం పట్టుకున్నట్టు చూడనే లేదు. మెడ పైకెత్తి, ఆ ఏడుపు ఆగేదాకా విన్నాడు.

"గొంతు మంచిగున్నదక్కా. పొయ్యి రాజుకున్నది" అని వెళ్ళిపోయాడు. నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు.

ఆయన పోయిన పక్షం రోజులకు, మా అమ్మాయి వనపర్తి వెళ్ళిపోయే ముందు, పిల్లను ఎత్తుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఎండ దిగాకే వెళ్ళాను. పాముల గది ఖాళీగా ఉంది, ఉన్న రెండింటినీ ఫారెస్టు వాళ్ళు వచ్చి తీసుకుపోయారట. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేనే ఆమె పక్కన కూర్చున్నాను.

"ఈ పిల్లే. నీ భర్త బతికించింది" అన్నాను. "చూస్తనన్నడు. నేను చూపియ్యలే."

ఆమె పిల్ల వైపు చూసింది గానీ చెయ్యి చాచలేదు.

"మాకు గూడ ఒక పొల్ల పుట్టెనక్కా. పూనాల, బిల్డింగు పని కాడ. ఎనిమిదో నెలల్నే పుట్టింది, గిట్లనే సలికాలం. వారం దినాలకే మేస్త్రి పనికి రమ్మన్నడు. పై అంతస్తుల ఒకటే గాలి. ఉన్న దుప్పట్లన్నీ సుట్టి, సిమెంటు బస్తాల సాటున పండబెట్టిన. ఆయన ఒకసారి, నేను ఒకసారి వచ్చి సూసిపోతుంటిమి. పొద్దుగాల ఏడ్సింది. తర్వాత ఏడువలే. ఆయనే సూసొచ్చి నాతోని చెప్పిండు, మంచిగ వెచ్చగ పండుకున్నదే, లేపకు అని."

నా ఒళ్ళోని పిల్ల పాదాల వైపు చూసి మళ్ళీ అందుకుంది.

"ఆరేండ్లకో ఏడేండ్లకో, హైదరాబాదుల పాముల కాడ పనికి కుదిరినంక ఒకనాడు ఫోను చేసిండు. మాట వస్తలేదు, ఏడుస్తుండు. 'దుప్పటికి వేడి ఉండదంటనే, సారు చెప్తుండు. నీ రొమ్ముకు కట్టుకుంటే మన పొల్ల బతుకుతుండె' అన్నడు. గంతే, మల్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే. నన్ను తియ్యనియ్యలే."

ఆ ఆదివారం పాప పడుకుందని ఆయనతో అబద్ధం చెప్పానని ఆమెకు చెప్పాలనుకున్నాను. అంతలో ఆమే అంది.

"ఆ ఐతారం మీ ఇంటికాడికెళ్ళి వచ్చి మస్తు సంబురపడ్డడు. 'అక్కోల్ల పాప గట్టిగ ఏడుస్తున్నదే' అన్నడు. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు."

పిల్లను ఆమె ఒడిలో పెట్టాను. మా పిల్లకు కొత్త ముఖమంటే పడదు. పెదవి విరిచి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. ముఖమంతా ఎర్రగా కందిపోయింది. సముదాయించడానికి నేను చేతులు చాచాను. ఆమె పిల్లను గుండెకు హత్తుకుని, నా చేతులు అడ్డం తోసింది.

"ఉండనీ అక్కా. ఏడువనీ. జరసేపు ఏడువనీ."